అల్ కుసైస్ ఎండలో కట్టిన మంచుబండి క్లచ్

గల్ఫ్‌లో గ్యారేజీ పనికి పోతున్నాం, నాలుగు మంచి మాటలు చెప్పమని మా వైపు పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వస్తుంటారు. మంచి మాటలు నా దగ్గర పెద్దగా లేవు. అక్కడ ఏళ్ళ తరబడి క్లచ్‌లు విప్పాను, బిగించాను. మోకాళ్ళు అరిగిపోయాయి, కుడి చెవి సగమే వినపడుతుంది, నడుం సంగతి అడక్కండి. ఎప్పుడు ఫోర్‌మన్‌నయ్యాను, ఎవరు మెచ్చుకున్నారు అన్నవి చెప్పడానికి నాకే విసుగు, వినడానికి మీకెందుకు ఉండదు? ఒక బండి సంగతి మాత్రం రాస్తాను. అది సరిగ్గా అర్థం చేసుకుంటే చాలు. ఆ బండి వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. పోవలసింది నాది. పోయింది సుభాన్‌ది.

కొట్లో కూర్చుని కొండ లెక్కలు

మాది ప్రొద్దుటూరు. మా నాయన కంసాలి. నన్నూ ఆ పనిలోనే పెట్టాలని చూశాడు కానీ కుంపటి ముందు వంగి కూర్చోవడం నా వల్ల కాలేదు. గేర్లు లేని స్కూటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. వాటి సర్వీసు షెడ్డులో చేరిపోయాను. ఆ స్కూటర్లలో గేర్ల బదులు రెండు పుల్లీలు, మధ్యలో ఒక బెల్టు ఉంటాయి. వేగాన్ని బట్టి పుల్లీలు దగ్గరవుతూ దూరమవుతూ గేరు తామే మార్చుకుంటాయి. మా ఊళ్ళో మెకానిక్కులకు అది మింగుడుపడేది కాదు. నాకు ఎందుకో మొదటి రోజే నచ్చింది.

అక్కడ నరసింహులు మేస్త్రీ అని ఒకాయన ఉండేవాడు. చదువు లేదు, నోరు మంచిది కాదు, చేయి మాత్రం బంగారం. ఒకసారి మదనపల్లె నుంచి ఒక లెక్చరరు స్కూటరు తెచ్చాడు. హార్స్‌లీ హిల్స్ ఎక్కుతుంటే బండి ఆయాసపడుతోందని ఫిర్యాదు. నేను షెడ్డులోనే స్టాండు వేసి, ఇంజన్ తిప్పి చూసి, ఏమీ లేదు బాగానే ఉందన్నాను. మేస్త్రీ చేతిలో ఉన్న పానా నా కాళ్ళ దగ్గర పడేశాడు.

"కొట్లో కూర్చోని కొండ గురించి మాట్లాడతాండావా? పో, ఆ బండేసుకోని కొండెక్కి రా. ఆడ ఏం జరిగిందో నాకు చెప్పు, నీ తెలివి చెప్పొద్దు."

వెళ్ళాను. బండిని బస్సు మీద వేసుకుని మదనపల్లె చేరి, కొండ సగం ఎక్కేసరికి అది నిజంగానే నీరసించింది. పైన గాలి పలచన, ఇంజన్‌కు ఊపిరి చాలదు, కింద సరిపోయే క్లచ్ పైన బరువవుతుంది. ఆ రోజు ఆ సంగతి నా ఒంటికి తెలిసింది. తర్వాత దుబాయ్‌లో నాకు పేరు తెచ్చింది ఈ ఒక్క ముక్కే. నన్ను ముంచిందీ ఇదే, ఎందుకంటే సగమే గుర్తు పెట్టుకున్నాను.

మంచు లేని ఊళ్ళో మంచుబండి

2002లో దుబాయ్‌లోని అల్ కుసైస్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో చేరాను. ఇసుకలో తోలే బగ్గీలు, నాలుగు చక్రాల క్వాడ్ బైకులు అక్కడ బాగుచేసేవాళ్ళం. వాటిలో చాలావాటికి మా స్కూటరు లాంటి క్లచ్చే, కాకపోతే పదింతలు పెద్దది. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఎమిరాతీ పెద్దమనిషి, ఏడాదికి రెండుసార్లు కనిపించేవాడు. రోజువారీ పెత్తనమంతా ముదీర్, అంటే మేనేజరు, అబూ సామీది. ఆయన సిరియా మనిషి. మాతో విరిగిన హిందీలో మాట్లాడేవాడు. చెడ్డవాడు కాదు. కానీ ఏదైనా పాడైతే సాయంత్రంలోగా దానికి ఒక మనిషి పేరు కావాలి ఆయనకు. పేరు దొరికితే ప్రశాంతంగా టీ తాగేవాడు.

కఫీల్ కొడుకు హమద్‌కు మంచు పిచ్చి. ప్రతి చలికాలం స్నేహితులతో లెబనాన్ కొండలకు వెళ్ళి మంచుబండి తోలేవాడు. మంచుబండి అంటే ముందు రెండు చెక్కల్లాంటి పట్టీలు, వెనక ట్యాంకుకు ఉన్నట్టు రబ్బరు పట్టా. మేముండే లేబర్ క్యాంపులో అందరం దాన్ని 'బర్ఫ్ గాడీ' అనేవాళ్ళం. అక్కడ ఎనిమిది వేల అడుగుల పైన ఒక నిటారు వాలు ఉందట. ఎవరి బండి దాని నెత్తికి చేరుతుందోనని వాళ్ళలో వాళ్ళకు పోటీ. హమద్ బండి రెండేళ్ళుగా ముప్పావు దూరంలో ఆగిపోతోంది. అందుకని 2005 ఎండాకాలంలో ఆ బండిని ఓడలో దుబాయ్ తెప్పించి, ఇంజన్‌కు పెద్ద సిలిండర్లు, కొత్త సైలెన్సరు పైపు వేయించాడు. ఇంజన్ పని వేరేవాళ్ళు చేశారు. క్లచ్ మా గ్యారేజీకి వచ్చింది.

"బ్రహ్మం, మంచు పహాడ్ ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు ముదీర్.

"నో ప్రాబ్లమ్ ముదీర్" అన్నాను.

అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. గల్ఫ్‌లో మనవాళ్ళు ముందు నేర్చుకునే మాట ఇదే. తెలిసినా నో ప్రాబ్లమే, తెలియకపోయినా నో ప్రాబ్లమే. తెలియదు అంటే ఆ పని ఇంకొకడికి పోతుందని భయం. మంచు నేను టీవీలో తప్ప చూడలేదు. ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే, వాళ్ళు ఆ కొండ దగ్గర తెలిసినవాడిని ఎవరినైనా వెతుక్కునేవాళ్ళు.

మూడు బరువులు, ఒక ముల్లు

క్లచ్ సంగతి తేలిగ్గా చెబుతాను. ముందు పుల్లీ లోపల మూడు ఇనుప చేతులు ఉంటాయి. వాటిని బరువులంటాం. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విసురుకుని పుల్లీని నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది, బండి వేగం అందుకుంటుంది. ప్రతి ఇంజన్‌కూ తన బలమంతా చూపే చోటు ఒకటుంటుంది. ఈ బండికి అది నిమిషానికి ఎనిమిది వేల రెండొందల చుట్లు. ఎంత ఎత్తు ఎక్కుతున్నా మీటరులో ముల్లును అక్కడే నిలబెట్టడం క్లచ్ పని. బరువులు ఎక్కువైతే ముల్లు కిందికి జారి ఇంజన్ మూలుగుతుంది. తక్కువైతే ముల్లు పైకి పోయి ఇంజన్ కేకలు పెడుతుంది, బండి మాత్రం ముందుకు పోదు. కేకలు పెట్టనిస్తే కాసేపటికి లోపల ఏదో ఒకటి విరుగుతుంది.

కొండ మీద గాలి పలచన కాబట్టి బరువులు తగ్గించాలి. వెయ్యి అడుగులకు ఒక గ్రాము చొప్పున తగ్గించమని కంపెనీ పుస్తకంలో ఉంది. మూడు బరువులూ ఒకే తూకం ఉండాలి, లేకపోతే క్లచ్ వణుకుతుంది. మా నాయన బంగారం తూచే చిన్న త్రాసు నేను దుబాయ్ తీసుకుపోయాను. ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసి, ఆ త్రాసులో తూచి సరిచేసేవాణ్ణి. గ్యారేజీలో పఠాన్లు చుట్టూ చేరి చూసేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే ఆ గర్వం మీదే కోపం వస్తుంది. తూకంలో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు, అసలు లెక్కలో కొండంత తేడా తెచ్చాను.

ఆగస్టులో పరీక్ష

మంచు లేదు కాబట్టి ఇసుకలోనే పరీక్షించాం. అల్ కుసైస్ దాటితే అప్పట్లో షార్జా వైపు ఖాళీ ఇసుక నేల చాలా ఉండేది. మంచుబండి ఇంజన్‌ను చల్లబరిచేది పట్టా ఎగజిమ్మే మంచే. అది లేదు గనక చేపల మార్కెట్ నుంచి ఐసు తెచ్చి బండి అడుగున కుక్కేవాళ్ళం. పట్టా కింద జారే ప్లాస్టిక్ పట్టీలు వేడికి కరిగి కంపు కొట్టకుండా సబ్బు నీళ్ళు పోసేవాళ్ళం. ఒక పరుగు, ఐసు, ఒక పరుగు, ఐసు. నలభై అయిదు డిగ్రీల ఎండ. హెల్మెట్ తీస్తే చెమట ధారగా కారేది. చేపల వాసన వారం రోజులు పోలేదు.

నేను తోలితే సుభాన్ వెనక పట్టుకుని కూర్చుని మీటరు చూసేవాడు. సుభాన్‌ది రాయచోటి. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. లారీల షెడ్డులో పని నేర్చి వచ్చి, రెండేళ్ళుగా నాతోనే ఉన్నాడు. క్యాంపులోనూ మాది ఒకటే గది. ఇంకో మూడేళ్ళు చేస్తే రాయచోటిలో సొంత షెడ్డు పెట్టుకోవచ్చని అతని ఆశ. ఆ షెడ్డులో ఏ గోడకు ఏ పనిముట్లు వేలాడాలో కూడా ఒక కాగితం మీద గీసి పెట్టుకున్నాడు. అతనికో అలవాటుంది. మీటరులో అంకె చూస్తే దాన్ని పైకి మూడుసార్లు చదివేవాడు. ఎనిమిదివేల నూరు, ఎనిమిదివేల నూరు, ఎనిమిదివేల నూరు. నాకు చిరాకేసేది.

"ఒకసారి చెప్తే ఇనపడదా నాకు?" అనేవాణ్ణి.

"నీకు కాదన్నా, నాకు. నోట్లోంచి వస్తే మతికి ఉంటాది" అనేవాడు.

సముద్ర మట్టంలో అరవై నాలుగు గ్రాములు వేయమంటుంది పుస్తకం. మేము అది వేస్తే ముల్లు పడిపోయింది. తగ్గిస్తూ తగ్గిస్తూ అరవై దగ్గరకు వస్తే ఎనిమిది వేల రెండొందల మీద నిలబడింది. పుస్తకానికీ మాకూ నాలుగు గ్రాముల తేడా ఎందుకొచ్చిందని సుభాన్ అడిగాడు. ఇంజన్ మార్చారు గదా, ఇసుక వేరు మంచు వేరు గదా అని ఏదో చెప్పాను. అతను తలూపాడు. నేను చెప్పింది నేనే నమ్మేశాను. అరవైలోంచి ఎనిమిది వేల అడుగులకు ఎనిమిది గ్రాములు తీసేశాను. యాభై రెండు. కొండకు యాభై రెండు గ్రాములని తేల్చి చేతులు దులుపుకున్నాను.

ఫోన్‌లో రెండు మాటలు

జనవరిలో బండి లెబనాన్ వెళ్ళింది. వెంట మెకానిక్ ఉండాలన్నాడు హమద్. నేనే వెళ్ళాల్సింది. నా పాస్‌పోర్టు గడువు అయిపోయి రెన్యూవల్‌కు ఇచ్చి ఉన్నాను, అది చేతికి రాలేదు. ముదీర్ సుభాన్‌ను పంపాడు. యాభై నుంచి అరవై దాకా బరువుల సెట్లన్నీ వేరువేరు డబ్బాల్లో పెట్టి, ఒక్కోదాని మీద తెలుగులో గ్రాములు రాసి ఇచ్చాను. కొండకు చేరాక యాభై రెండు వెయ్యి, మిగతావి ముట్టుకోవద్దు అని చెప్పాను. ఎయిర్‌పోర్టుకు పోతూ అతను నా ఉన్ని స్వెటర్ అడిగి తీసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంపులో అన్నం తింటుంటే ఫోన్ వచ్చింది. గాలి హోరులో సుభాన్ మాట సగం సగమే వినపడుతోంది.

"అన్నా, యాభై రెండు ఏసినా. ముల్లు ఎనిమిదివేల తొమ్మిదొందలకు పోతాండాది. ఎనిమిదివేల తొమ్మిదొందలు."

"ఏడా పోదు. బండి ఇంకా వేడెక్కలా. రెండు రౌండ్లు తిప్పు."

"తిప్పినా అన్నా. నాలుగుసార్లు తిప్పినా. ఇంజన్ అరస్తాండాది, బండి పోల్యా. యాభై ఆరు ఏసి సూడమంటావా?"

నాకు మండుకొచ్చింది. ఆగస్టంతా ఎండలో కూర్చుని నేను తేల్చిన లెక్కను, మొన్న మొన్న క్లచ్ చూసినవాడు రెండు నిమిషాల్లో మార్చేస్తానంటాడా? పక్కన మా గదిలో వాళ్ళు వింటున్నారు కూడా. గొంతు పెంచాను.

"ఆ మంచు తెలుపుకు నీ కండ్లు బైర్లు కమ్మినాయి. ముందు మీటరు సూడ్డం నేర్చుకో. నేను పెట్టింది ముట్టుకోవాకు."

అవతల డబ్బా మూత మూసిన చప్పుడు.

"సరేన్నా" అన్నాడు.

మీరు ఈ వృత్తిలోకి వస్తున్నారు గనక చెబుతున్నాను. బండి దగ్గర నిలబడినవాడు ఒక అంకె చెబితే, బదులు చెప్పేముందు దాన్ని కాగితం మీద రాయండి. రాసి ఉంటే నేను దానివైపు చూసి ఆలోచించేవాణ్ణి. రాయలేదు, అన్నం ముద్ద కలుపుకున్నాను.

మర్నాడు హమద్ వాలు మీదికి బండి ఎక్కించాడు. మూడో ప్రయత్నంలో, సగం పైకి పోయాక, లోపల కనెక్టింగ్ రాడ్ బేరింగ్ చితికి ఇంజన్ పట్టేసింది. బండి ఆగి, పక్కకు తిరిగి, కిందికి జారింది. హమద్ భుజం కీలు తప్పింది. ప్రాణానికి ఏమీ కాలేదు, అంతవరకు దేవుడి దయ. కానీ అతని స్నేహితులు అందరూ కింద నిలబడి చూశారు.

సాయంత్రంలోగా ఒక పేరు

వారం తర్వాత సుభాన్ వచ్చాడు. ముఖం నల్లగా కమిలిపోయి ఉంది, పెదాలు పగిలాయి. బ్యాగ్ దించకుండానే ముదీర్ పిలిపించాడు. నన్నూ పిలిచాడు. కఫీల్ ఇంటి నుంచి అప్పటికే ఫోన్ మీద ఫోన్ వస్తోందట.

"బ్రహ్మం, నువ్వు ఇచ్చిన వెయిట్ సహీ హై?"

"సహీ హై ముదీర్" అన్నాను. ఆ రోజుకు నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే సరైనదనుకున్నాను. కానీ ఫోన్‌లో ఏం జరిగిందో అడగలేదు గనక చెప్పలేదు. అది మాత్రం తెలిసే చేశాను.

ముదీర్ సుభాన్ వైపు తిరిగాడు. నువ్వు ఏం బిగించావు, మీటరు చూశావా, అంత అరుస్తుంటే ఎందుకు ఆపలేదు అని అడిగాడు. సుభాన్ నావైపు చూశాడు. అన్న చెప్పాడు, నేను యాభై ఆరు వేద్దామన్నాను అని అంటాడేమోనని భయపడ్డాను. అతను తల దించుకున్నాడు.

"మంచు ఎలుతురులో మీటరు నాకు సరిగ్గా కనపడల్యా సాబ్" అని ముందు తెలుగులో గొణిగి, తర్వాత హిందీలో చెప్పాడు. "ముఝే ఠీక్ సే నహీ దిఖా."

ముదీర్‌కు పేరు దొరికింది.

"ఖలాస్" అన్నాడు. "కెన్సిల్."

వీసా రద్దు చేశారు. ఏడాది దాకా మళ్ళీ రాకుండా బ్యాన్ కొట్టించారు. గదిలో అతను సామాను సర్దుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. నన్ను కాపాడటానికి అలా చెప్పాడనుకున్నాను. మంచివాడురా అనుకున్నాను, లోపల హాయిగా కూడా ఉంది. ఆ హాయి గురించి రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. నా స్వెటర్ ఉతికి మడత పెట్టి నా మంచం మీద పెట్టి వెళ్ళాడు.

మార్చి ఉదయం

విరిగిన బండి మార్చిలో మా దగ్గరికి తిరిగొచ్చింది. అప్పటికి సుభాన్ వెళ్ళి మూడు వారాలు. కొత్త బేరింగులు వేసి, ఇసుకలో ఒకసారి తోలి చూద్దామని పొద్దున్నే తీసుకుపోయాం. చల్లగా ఉంది, జాకెట్ వేసుకున్నాను. ఆగస్టులో ముల్లు నిలబడ్డ అరవై గ్రాములే వేశాను. ముల్లు ఎనిమిది వేల రెండొందలు దాటి, అయిదొందలు దాటి, ఇంకా పైకి పోయింది. అదే బండి, అదే ఇసుక, అవే బరువులు. మళ్ళీ తోలాను. మళ్ళీ అంతే. అరవై నాలుగు వేసి చూశాను. ముల్లు ఎనిమిది వేల రెండొందల మీద కదలకుండా నిలబడింది. పుస్తకం చెప్పిన అరవై నాలుగే అది.

బండి దిగి అక్కడే ఇసుకలో కూర్చున్నాను. వేడెక్కితే గాలి పలచబడుతుంది. కొండ మీద పలచబడినట్టే, ఎండలోనూ పలచబడుతుంది. ఆగస్టులో అల్ కుసైస్‌లో ఆ ఇంజన్ పీల్చిన గాలి ఓ మాదిరి కొండ మీది గాలే. పుస్తకానికీ మాకూ వచ్చిన ఆ నాలుగు గ్రాముల తేడా ఇంజన్‌ది కాదు, ఇసుకది కాదు, ఎండది. ఎండ కోసం ఒకసారి తగ్గించి, దానిలోంచి మళ్ళీ కొండ కోసం పూర్తి లెక్క తగ్గించాను. మంచు దేశంలో పనిచేసేవాడు కలలో కూడా చెయ్యని తప్పు ఇది. మా ఎండలో ఉండేవాళ్ళమే చెయ్యాలి. అరవై నాలుగులోంచి ఎనిమిది తీస్తే యాభై ఆరు. సుభాన్ ఫోన్‌లో అన్నది సరిగ్గా అదే.

ఆ రోజే ముదీర్ దగ్గరికి వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. చెబితే ఇప్పుడేం లాభం, బ్యాన్ పడిపోయింది గదా అనుకున్నాను. నన్నూ పంపేస్తే ఇద్దరి పొట్టా కొట్టినట్టు గదా అనుకున్నాను. సాకులు వెతికేవాడికి కరువుండదు. ఆ తర్వాత చలికాలం యాభై ఆరు గ్రాములతో హమద్ ఆ వాలు నెత్తికెక్కాడు. నాకు ఒక వాచీ ఇచ్చాడు. క్లచ్ ఉస్తాద్ అని ఊరంతా పేరొచ్చింది. ఊరి అవతలి చివరున్న జెబెల్ అలీ నుంచి కూడా బండ్లు వచ్చేవి. సుభాన్‌కు నేను ఫోన్ చెయ్యలేదు. పండక్కి అతనే ఒకసారి చేశాడు. నేను పనిలో ఉన్నానని చెప్పి పెట్టేశాను.

2008లో సెలవు మీద వస్తూ, ఇక కుదరదనిపించి ముదీర్ గదిలోకి వెళ్ళాను. తప్పు నాది, సుభాన్ బ్యాన్ తీరిపోయింది, అతన్ని మళ్ళీ పిలిపించండి అన్నాను. అబూ సామీ కాగితాల్లోంచి తలెత్తి, కళ్ళు చిట్లించి చూశాడు.

"కోన్ సుభాన్?" అన్నాడు.

గుర్తు చేశాను. ఆయనకు నిజంగానే గుర్తు రాలేదు. పాత సంగతి, ఖలాస్, హాయిగా ఇంటికి వెళ్ళి రా అన్నాడు. రెండేళ్ళు ఏ శిక్షకు భయపడి దాక్కున్నానో, అది వేసేవాడికి ఆ మాటే గుర్తు లేదు.

రాయచోటిలో

వీసా తేలేకపోయాను, నిజమైనా చెబుదామని రాయచోటికి వెళ్ళాను. సుభాన్ షెడ్డు ఎక్కడని బస్టాండులో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి సుభాన్ తన బావమరిది చెప్పుల కొట్లో దొరికాడు. మెకానిక్ పని చేయడం లేదట. వచ్చినప్పటి నుంచి పానా పట్టుకోలేదట. కాస్త ఒళ్ళు చేశాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ తుడిచి వేశాడు. ఇల్లు కొట్టు వెనకే. లోపల్నుంచి అతని భార్య రజియా వచ్చి సలాం చెప్పి గడప దగ్గర నిలబడింది.

బస్సులో ఎన్నిసార్లు అనుకున్నానో, ఆ వరుసలోనే అంతా చెప్పాను. ఎండ సంగతి, నాలుగు గ్రాముల సంగతి, మార్చి ఉదయం సంగతి, రెండేళ్ళు నోరు మూసుకుని కూర్చున్న సంగతి. అతను మధ్యలో మాట్లాడలేదు. అయిపోయాక, నన్ను కాపాడ్డానికి ఆ రోజు ముదీర్ ముందు నీ మీద వేసుకున్నావు, ఆ రుణం తీర్చుకోలేను అన్నాను.

"కాపాడింది ఏముందన్నా?" అన్నాడు అర్థం కానట్టు. "నాకు కనపడల్యా అనే సెప్పినా గదా. నువ్వు అంతటోనివి ఫోన్లో సెప్పితివి. నా కండ్లే మోసం జేసినాయనుకున్యా."

అతను ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"అంటే, ఆ పొద్దు ముల్లు తొమ్మిదొందల కాడే ఉండిందా?"

"ఉండింది."

"నేను సరిగ్గానే సూసినానా?"

"సరిగ్గానే సూసినావు సుభాన్. యాభై ఆరు ఏద్దామంటివి సూడు, అదే సరైన లెక్క. నాకంటే నువ్వే ముందు పట్టుకున్యావు."

అతను గడప వైపు తిరిగాడు. "ఇన్నావా?" అన్నాడు రజియాతో. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సుభాన్ కళ్ళద్దాలు తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"కడపకు పోయి కండ్ల డాక్టరుకు సూపించుకున్యానన్నా, వచ్చిన నెలలోనే. రెండు కండ్లూ శుభ్రంగా ఉండాయి, అద్దాలు అక్కర్లేదు అన్న్యాడు. ఇంకో డాక్టరు కాడికి పోతే ఆయనా అదే మాట. అయినా అద్దాలు కొనుక్కున్యా. కనపడనోడు ఇంజన్ మింద సెయ్యి ఏస్తే ఇంగెవురి పాణానికో వస్తాదని పనిముట్లన్నీ అమ్మేసినా." అద్దాలు మడిచి పక్కన పెట్టాడు. "డాక్టర్లిద్దరి మాటా నమ్మల్యా అన్నా. నీ మాట నమ్మినా."